మూడో కన్నంలో ఏముంది?

చెప్పులు విప్పకండి. పెద్దవాళ్ళున్న ఇంట్లోకి చెప్పులతో రావడం తప్పేనని మీకూ తెలుసు, మీ ముందు నడుస్తున్న ఎలక్ట్రీషియన్‌కూ తెలుసు. అందుకే ఆయన గుమ్మంలోనే ఆగి, "పెద్దమ్మగారూ, ఇవాళొక్క రోజుకి ఏమీ అనుకోకండి. నేల చెమ్మగా ఉంది" అంటున్నాడు. ఆవిడ పడక్కుర్చీలోంచే రమ్మని చెయ్యి ఊపింది.

మృగశిర కార్తె వచ్చేసింది. బందరులో రాత్రంతా వాన. మండువా చుట్టూ గచ్చు ఇంకా ఆరలేదు. పాత సున్నపు గోడలు అడుగు నుంచి మోకాలెత్తు దాకా తడి పీల్చుకుని నల్లబడ్డాయి. మీ కాళ్ళ కింద రబ్బరు చెప్పులున్నాయి గనక ఈ ఇంట్లో ఇప్పుడు మీరు కాస్త క్షేమం. పెద్దమ్మగారి కాళ్ళకి ఏమీ లేవు.

"ఫ్రిజ్జు ముట్టుకుంటే జివ్వుమంటోంది నాయనా."

"ఎప్పట్నించండీ?"

"వానలు మొదలైన దగ్గర్నించీ. పోయినేడూ ఇంతే. ఎండాకాలం వచ్చేసరికి అదే పోయింది."

ఎలా తెరుస్తున్నారని అడిగితే ఆవిడ లేచి చూపించింది. పైట కొంగు రెండు మడతలు పెట్టి చేతికి చుట్టుకుని, ఫ్రిజ్జు తలుపు పట్టుకుని లాగింది. పాల గిన్నె తీసింది. మోచేత్తో తలుపు మూసింది. ఏ మాత్రం తడబాటు లేదు. ఏడాదిగా ఈ ఇంట్లో ఎర్తింగ్ పని చేస్తున్నది ఆ నూలు చీర కొంగే. అది తడిసి ఉన్న రోజున ఏమవుతుందో ఎవరూ ఆలోచించలేదు.

ఇప్పుడు గోడ వైపు తిరగండి. దూలం పక్కనుంచి కిందికి ఒక టేకు పట్టీ దిగుతోంది. దాని మీద పక్కపక్కనే రెండు నల్ల వైర్లు. వాటిని పట్టి ఉంచుతూ బెత్తెడు దూరానికొకటి చొప్పున సన్నటి ఇత్తడి రేకు క్లిప్పులు. మంగినపూడి వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి ఆ క్లిప్పులన్నీ పచ్చగా చిలుము పట్టాయి. ఆ వైర్ల మీది తొడుగు రబ్బరు. ఇప్పటి వైర్ల మీద ఉండే ప్లాస్టిక్ కాదు. పట్టీ చివర, నడుమెత్తులో, ఈ గోడకి ఏ మాత్రం నప్పని తెల్లటి కొత్త ప్లేటు: ఒక స్విచ్చి, ఒక త్రీ పిన్ సాకెట్టు. ఫ్రిజ్జు కొన్నప్పుడు దాని ప్లగ్గు పాత రెండు కన్నాల సాకెట్టులో పట్టలేదట. అబ్బాయి హైదరాబాదు నుంచి ఫోన్ చేసి, ఎవరినో పంపించి ఇది పెట్టించాడు. ప్లగ్గు పట్టింది. ఫ్రిజ్జు చల్లబడింది. పని అయిపోయిందనుకున్నారు.

ఎలక్ట్రీషియన్ ప్లగ్గు లాగి మీ చేతికిచ్చాడు. ఒక్కసారి పరకాయించి చూడండి. కింద రెండు పిన్నులు సన్నం, పొట్టి. పైనున్నది లావు, పొడవు. సాకెట్టులోకి గుచ్చేటప్పుడు లోపలి రేకుని ముందుగా తాకేది ఆ పొడుగు పిన్నే. లాగేటప్పుడు ఆఖరున వదిలేదీ అదే. కరెంటు వచ్చే ముందు రక్షణ రావాలి, కరెంటు పోయాకే రక్షణ పోవాలి. అందుకే ఆ పొడవు. బ్రిటన్‌లో 1934లో ప్రమాణంగా రాసుకున్న గుండ్రటి పిన్నుల నమూనా ఇది. వాళ్ళు తరవాత పలక పిన్నులకి మారిపోయారు. మనం దీన్నే 1293 నంబరు భారతీయ ప్రమాణంలో నిలుపుకున్నాం. మంచి నమూనా. కానీ పిన్ను ఎంత పొడవున్నా, గోడ లోపల దానికి ఎదురొచ్చే తీగ ఉంటేనే దానికి అర్థం.

టెస్టరు తీశాడు. మనకి ఎదురుగా కుడివైపు కన్నంలో పెట్టాడు, ఎర్రగా వెలిగింది. అది ఫేజు. ఎడమవైపు వెలగలేదు. అది న్యూట్రల్. పై కన్నంలోనూ వెలగలేదు.

"వెలగలేదంటే మంచిదేగా?" అంది పెద్దమ్మగారు.

"అక్కడే అందరూ పొరపాటు పడేదండీ. ఎర్తుకి తగిలించి ఉన్నా వెలగదు. దేనికీ తగిలించకపోయినా వెలగదు. టెస్టరు ఆ తేడా చెప్పలేదు."

సంచిలోంచి ఇంకొకటి తీశాడు: హోల్డరులో వంద క్యాండిల్ బల్బు, దానికి రెండు వైర్లు, వాటి చివర్లలో లోహపు మొన తప్ప మిగతాదంతా కప్పేసిన పిన్నులు. ఇది ఆయన చేతిలో ఉండాల్సిన వస్తువు. మీరూ నేనూ ఇంట్లో తయారుచేసుకుని ప్రయత్నించేది కాదు. రెండు పిన్నులు ఫేజులోనూ న్యూట్రల్‌లోనూ పెట్టాడు. బల్బు భగ్గున వెలిగింది. మండువా అరుగు మీద నీడలు పడ్డాయి. న్యూట్రల్‌లోని పిన్ను తీసి పై కన్నంలో పెట్టాడు.

ఏమీ లేదు. తీగ కూడా ఎర్రబడలేదు.

"చూశారా? దారి లేదు."

ఆ తరవాత మీటరు ఫ్రిజ్జు తలుపు మరకి ఆనించి, రెండో పిన్ను న్యూట్రల్‌కి పెట్టాడు. ప్లగ్గు మళ్ళీ గుచ్చి ఉంది. అంకె తొంభై వోల్టులు దాటి ఊగుతోంది. కంగారు పడకండి, అది పూర్తి కరెంటు కాదు. కంప్రెసర్ మోటారు చుట్ల నుంచీ, తేమ పట్టిన వైర్ల నుంచీ కారుతున్న కొద్దిపాటి కరెంటు. ఎర్తు తీగ ఉంటే ఇది ఎవరికీ తెలియకుండా భూమిలోకి జారిపోయేది. అది లేదు గనక ఫ్రిజ్జు ఒంటి మీదే ఆగి, ఎవరైనా తడి కాళ్ళతో ముట్టుకునేదాకా కాచుకుని ఉంటోంది. ఇవాళ జివ్వుమని ఊరుకుంది. రేపు ఆ మోటారు చుట్టు ఒకటి కాలి ఇనుముకి అంటుకుంటే అదే తలుపు మీద 230 వోల్టులూ నిలబడతాయి.

"మెయిన్ తీసెయ్యరా" అన్నాడు వెంట వచ్చిన కుర్రాడితో.

రండి, వీధి వసారాలోకి. మీటరు పక్కన ఇనప డబ్బా మెయిన్ స్విచ్చి. దాని కింద టేకు చెక్క మీద పింగాణీ ఫ్యూజులు వరసగా. ఈ తరం పిల్లలు వీటిని చూసి ఉండరు. తెల్లటి పింగాణీ దిమ్మ, దాని ఒంట్లోంచి దూర్చి రెండు మరలకి చుట్టిన సన్న తీగ. ఫీజు పోయిందంటే తీగ ముక్క కోసం వెతుక్కోవడం మన ఇళ్ళలో అందరికీ అలవాటైన పనే. దొరికిన తీగ ఎంత లావుదో ఎవరు చూశారు? కుర్రాడు ఒకటి పీకి ఇచ్చాడు. అయిదు ఆంపియర్ల ఫ్యూజులో మూడు పోగులు మెలేసిన రాగి తీగ చుట్టి ఉంది. ఇది కాలేలోపు గోడ మీది వైరు కాలుతుంది.

ఎలక్ట్రీషియన్ చూపు మాత్రం రెండో వరస మీద ఉంది. ఫేజుకి ఒక ఫ్యూజు, న్యూట్రల్‌కి ఒక ఫ్యూజు. "ఇది చూడండి. ఇది అసలైన ప్రమాదం" అన్నాడు.

న్యూట్రల్‌లో ఫ్యూజు ఉండకూడదు. 1956 నాటి భారత విద్యుత్ నిబంధనలే వద్దన్నాయి. అంతకుముందు పద్ధతిలో కట్టినవి, ఆ అలవాటు వదలని మేస్త్రీలు ఆ తరవాత కట్టినవి ఇంకా పాత ఇళ్ళలో కనిపిస్తాయి. రెండు వైపులా ఫ్యూజు ఉంటే రెట్టింపు రక్షణ అనిపిస్తుంది గానీ, జరిగేది దానికి ఎదురు. న్యూట్రల్ వైపు ఫ్యూజు ముందుగా కాలిందనుకోండి. లైట్లు ఆరిపోతాయి, ఫ్యాను ఆగిపోతుంది. ఇంట్లో వాళ్ళంతా కరెంటు పోయిందనుకుంటారు. పోలేదు. ఫేజు ఇంకా ప్రతి గదిలోనూ ఉంది. తిరిగి వెళ్ళే దారి ఒక్కటే తెగింది. స్విచ్చి వేసి ఉన్న ఫ్యాను చుట్లలోంచి అది న్యూట్రల్ తీగలోకి దిగి, అక్కడే నిలబడి ఉంటుంది. న్యూట్రల్ అన్న పేరున్న తీగ కూడా అప్పుడు కొడుతుంది.

ఆ మాట మనసులో ఉంచుకోండి. వంటింట్లో దానితో పని పడుతుంది.

మెయిన్ దించాడు. పింగాణీలన్నీ పీకి కిటికీ గూట్లో పెట్టాడు. కుర్రాణ్ణి మెయిన్ దగ్గరే నిలబెట్టి, "నేను చెప్పేదాకా ఎవరొచ్చినా ముట్టుకోనియ్యకు" అన్నాడు. తిరిగొచ్చి సాకెట్టులో మళ్ళీ బల్బు పెట్టి చూశాడు, టెస్టరు పెట్టి చూశాడు. రెండూ ఆరి ఉన్నాకే స్క్రూడ్రైవరు తీశాడు. మరలు రెండూ ఊడాయి. తెల్ల ప్లేటు ముందుకి వాలింది.

దగ్గరికి రండి. టార్చి వేస్తున్నాను.

లోపలికి వచ్చినవి రెండే తీగలు. రబ్బరు తొడుగు కొస దగ్గర వేలితో తాకితే పొడిలా రాలుతోంది. దాని కింద ఒకప్పుడు ఎరుపూ నలుపూ అయిన నూలు పోగు, ఇప్పుడు రెండూ ఒకటే మట్టి రంగు. రెండు తీగలూ కింది రెండు మరల్లోకి బిగించి ఉన్నాయి. పైన మూడో మర ఉంది. ఇత్తడి మర. ఫ్యాక్టరీలో బిగించినప్పటి మెరుపు అలాగే ఉంది. దాని గాడిలో స్క్రూడ్రైవరు ఆనిన గీత కూడా లేదు. ఎవరూ దాన్ని విప్పలేదు, దాని కింద ఏ తీగా పెట్టలేదు.

ఫ్రిజ్జు ప్లగ్గులోని ఆ పొడుగాటి పిన్ను ఏడాదిగా గుచ్చుకుని ఉన్నది ఈ మరకే. బయటినుంచి చూస్తే మూడు కన్నాలు. తయారుచేసినవాడు మూడో తీగ కోసం ఇచ్చిన చోటు అది. తీగ లేకుండా ఆ ప్లేటు బిగించడమంటే ఇంటివాళ్ళకి లేని ధైర్యం అమ్మడమే. పాత రెండు కన్నాల సాకెట్టు కనీసం అబద్ధం చెప్పలేదు. ఎర్తు లేని చోట త్రీ పిన్ ప్లేటు బిగించి డబ్బు తీసుకోవడం నా దృష్టిలో మోసం. తెలియక చేసినా అంతే.

వంటిల్లు. గట్టు మీద టేబుల్‌టాప్ గ్రైండరు, దాని స్టీలు ఒళ్ళు మీద నిన్నటి మినప్పిండి మరకలు. ఇక్కడా కొత్త ప్లేటే. గ్రైండరు ఎప్పుడైనా కొట్టిందా అని అడిగితే పెద్దమ్మగారు లేదంది. "ఇది పెట్టినతను తెలిసినవాడే. అన్నీ పరీక్ష చేసి, ఎర్తు ఉంది అని చెప్పాడు." నిజమే, పొద్దున మెయిన్ తియ్యకముందే ఇక్కడ బల్బు పెట్టి చూస్తే ఫేజుకీ పై కన్నానికీ మధ్య నిండుగా వెలిగింది. ఎలక్ట్రీషియన్ అప్పుడు ఏమీ అనలేదు. ఇప్పుడు ప్లేటు విప్పుతున్నాడు.

మూడో మర కింద తీగ ఉంది. అంగుళంన్నర ముక్క. ఒక కొస మూడో మరలో, రెండో కొస పక్కనే ఉన్న న్యూట్రల్ మరలో. అంతే. భూమి దాకా వెళ్ళే తీగ కాదు, అడ్డంగా వేసిన ముక్క. బల్బు పరీక్షకి ఇది చక్కగా నిలబడుతుంది, ఎందుకంటే బల్బు వెలిగింది న్యూట్రల్ మీద. న్యూట్రల్ ఎలాగూ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర భూమికే కలిపి ఉంటుంది కదా, ఇక్కడ కలిపేస్తే తప్పేముంది అన్నది ఈ పని చేసినవాడి లెక్క. న్యూట్రల్ ఎక్కడా తెగనంత కాలం ఆ లెక్క నడుస్తుంది.

ఇప్పుడు వసారాలోని ఆ రెండో వరస ఫ్యూజుని గుర్తు తెచ్చుకోండి. న్యూట్రల్ ఫ్యూజు కాలింది. ఇల్లంతా చీకటి. ఎక్కడో ఒక ఫ్యాను స్విచ్చి వేసి ఉంది. దాని గుండా ఫేజు న్యూట్రల్ తీగలోకి వచ్చింది. ఆ తీగలోంచి ఈ అంగుళంన్నర ముక్క మీదుగా మూడో పిన్నుకి, అక్కణ్ణించి గ్రైండరు స్టీలు ఒంటికి. కరెంటు లేదు కదా, ఈలోగా గ్రైండరు కడుగుదామని ఆవిడ తడి గుడ్డ పట్టుకుని వస్తుంది. గ్రైండరు స్విచ్చి ఆపి ఉన్నా లాభం లేదు. స్విచ్చి ఫేజునే ఆపుతుంది, మూడో పిన్ను దారిని ఆపదు. ప్రాణం కాపాడాల్సిన పిన్నే చావుని ఇంట్లోకి తెచ్చి పెడుతుంది. పాత ఇళ్ళలో విడివిడిగా చూస్తే చిన్నవనిపించే రెండు తప్పులు ఇలాగే కలుసుకుంటాయి. నన్నడిగితే, ఏమీ తగిలించని మూడో కన్నం కన్నా ఈ అడ్డ ముక్క వందరెట్లు చెడ్డది.

ఎలక్ట్రీషియన్ ఆ ముక్క కత్తిరించి పెద్దమ్మగారి అరచేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని తిప్పి తిప్పి చూసింది.

"ఇంత ముక్కా?"

"ఇంత ముక్కేనండీ."

మనిషిని చంపడానికి ఎంత కరెంటు కావాలో అంచనా చాలామందికి ఉండదు. అరవై క్యాండిల్ బల్బు వెలగడానికి తీసుకునే కరెంటు పావు ఆంపియరు, అంటే 250 మిల్లీఆంపియర్ల చిల్లర. ఒకటి రెండు మిల్లీఆంపియర్లు ఒంట్లోంచి పోతే జివ్వుమంటుంది. పది దాటితే కండరాలు బిగుసుకుని పట్టుకున్నది వదలలేం. కరెంటు లాగేస్తుంది అని మనవాళ్ళు అనేది దీన్నే. లాగేది కరెంటు కాదు, మన చెయ్యే మూసుకుపోతుంది. ముప్పై దాటి ఛాతీ గుండా కొద్ది సేపు పోతే ఊపిరీ గుండే లయ తప్పే ప్రమాదంలో పడతాయి. తడిసిన ఒంటికి అడ్డు శక్తి దాదాపు వెయ్యి ఓములకి పడిపోతుంది. 230 వోల్టులకి అది 230 మిల్లీఆంపియర్లు. బల్బుకి చాలినంత కూడా అక్కర్లేదు మనిషికి. అయిదు ఆంపియర్ల ఫ్యూజుకి ఈ చావు కనపడను కూడా కనపడదు. ఇప్పుడు ఫ్యూజు బదులు పెట్టే ఎమ్‌సీబీకీ అంతే. అవి రెండూ వైరుని కాపాడేందుకు పెట్టినవి, మనిషిని కాదు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో ఈ మధ్య ఏటా 12,000కు పైగా మరణాలు కరెంటు షాకు ఖాతాలో పడుతున్నాయి. బట్టలు ఆరేస్తూ ఇనప దండెం మీద, కూలర్లో నీళ్ళు పోస్తూ, మోటారు స్విచ్చి వేస్తూ పోయినవాళ్ళ వార్తలు మన జిల్లా పేజీల్లో చదివి పక్కకి తిప్పేస్తూనే ఉంటాం.

పెరట్లోకి పదండి. ఈ ఇంటికి ఒకప్పుడు ఎర్తు ఉండేదట. పెద్దమ్మగారి భర్త దగ్గరుండి వేయించారట. మెయిన్ డబ్బా నుంచి జింకు పూత ఇనప తీగ గోడ వెంట వెనక్కి వచ్చి, నూతి గట్టు పక్కన కుళాయి గొట్టానికి బిగించిన క్లాంపు దగ్గర ఆగింది. ఆ రోజుల్లో అది నడిచే పద్ధతే. మునిసిపాలిటీ ఇనప గొట్టం వీధుల వెంట భూమిలో పరుచుకుని ఉండేది గనక దానంత పెద్ద ఎర్తు ఇంకొకటి దొరకదు. క్లాంపు ఇప్పటికీ ఉంది. అది పట్టుకున్న గొట్టం ముక్క మూరెడు పొడవుంది. దాని కింద? కుర్రాడు మట్టి తోశాడు. బూడిద రంగు ప్లాస్టిక్ గొట్టం. తుప్పు పట్టి కారుతోందని ఎప్పుడో ప్లంబరు మార్చేశాడు. నీళ్ళు బాగానే వచ్చాయి. ఆ రోజే ఇల్లు ఎర్తు పోగొట్టుకుంది, ఎవరికీ తెలియలేదు. ప్లంబరుకి ఎలక్ట్రీషియన్ పని తెలియదు, అతనికి చెప్పినవాళ్ళూ లేరు.

కొత్త ఎర్తుకి చోటు నూతికి ఇవతల, ఎప్పుడూ తడిగా ఉండే అరటి పాదు పక్కన. మామూలుగా అయితే మనిషి లోతు మించి గొయ్యి తవ్వి, రెండున్నర మీటర్ల జింకు పూత ఇనప గొట్టం నిలబెట్టి, చుట్టూ బొగ్గూ ఉప్పూ వరసలు వేసి, పై నుంచి నీళ్ళు పొయ్యడానికి గరాటు పెడతారు. ఉప్పూ బొగ్గూ మట్టిలో కరెంటుకి దారి సులువు చేస్తాయి, నీళ్ళు ఆ దారిని తడిగా ఉంచుతాయి. అదే ఉప్పు ఇనుముని తినేస్తుంది కూడా. బందరు నేలలో ఉప్పు వేరే పొయ్యక్కర్లేదు, నాలుగడుగులు తవ్వితే ఉప్పునీళ్ళే. ఇక్కడ దారికి కొదవ లేదు, గొట్టమే నిలవదు. అందుకని ఎలక్ట్రీషియన్ రాగి పూత రాడ్డు తెచ్చాడు. ఇదే పని కర్నూలు రాతినేల మీదో, నల్లగొండ గుట్టల పక్కనో అయితే గొడవ వేరు. అక్కడ గొయ్యి ఎంత శ్రద్ధగా కట్టినా ఎండాకాలంలో ఎర్తు బలహీనపడిపోతుంది.

సుత్తి దెబ్బలకి రాడ్డు మెత్తగా దిగుతోంది. పైన మూరెడు మిగిలాక ఆపి, చుట్టూ ఇటుక గూడు కట్టేందుకు గీత గీశాడు. తరవాత ఎర్తు టెస్టరు పెట్టె. దాని తీగ ఒకటి రాడ్డుకి. మిగతా రెండు తీగలూ సన్న మేకులతో పెరటి గోడ బయట సందులోకి వెళ్ళాయి, ఎందుకంటే మేకులు దూరం దూరంగా పాతాలి, పెరడు చాలలేదు. బోసి కాళ్ళ పిల్లలు ఇద్దరు చేరారు చూడ్డానికి. వాళ్ళని వెనక్కి పంపి మీట నొక్కాడు. ఆరు ఓములు.

"మంచి ఎర్తే" అన్నాడు. కానీ అక్కడితో ఆపలేదు.

"ఇప్పుడు ఫ్రిజ్జు మోటారు కాలి ఫేజు ఒంటికి తగిలిందనుకోండి. ఆరు ఓములంటే నలభై ఆంపియర్లకి లోపే పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఎర్తు ఓములు కూడా కలిపితే ఇంకా తక్కువ. పదహారు ఆంపియర్ల ఎమ్‌సీబీ దానికి వెంటనే పడిపోవాలని లేదు, వేడెక్కి పడేసరికి సమయం పడుతుంది. ఆ కాసేపూ ఫ్రిజ్జు మీద వోల్టులు నిలబడే ఉంటాయి. పది, ఇరవై ఓముల ఎర్తయితే అసలు పడకపోవచ్చు కూడా."

ఇది చాలామంది చదువుకున్నవాళ్ళకీ తెలియని సంగతి. ఎర్తు గొయ్యి ఒక్కటే ఉంటే ప్రాణానికి పూర్తి పూచీ లేదు. మన ఇళ్ళలో ఎర్తు అంటే ఎవరి గొయ్యి వారిది. కరెంటు మట్టిలోంచి నడిచి ట్రాన్స్‌ఫార్మర్ దాకా తిరిగి వెళ్ళాలి. ఆ దారిలో ఫ్యూజు కాలేంత కరెంటు చాలా చోట్ల పారదు. అందుకే మెయిన్ దగ్గర ఆర్‌సీసీబీ కావాలి.

ఆయన దాన్ని డబ్బాలోంచి తీస్తున్నాడు. రెండు వేళ్ళ వెడల్పు, నల్ల మీట, పక్కన చిన్న బొత్తాం, మీద 30 మిల్లీఆంపియర్లని రాసి ఉంది. ఇది చేసే పని ఒకటే. ఫేజులో వెళ్ళిన కరెంటూ న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటూ సమానమా కాదా అని చూస్తూ ఉంటుంది. తేడా వచ్చిందంటే అది ఎక్కడో ఒక ఒంట్లోంచో గోడలోంచో భూమిలోకి పోతున్నట్టు. ముప్పై మిల్లీఆంపియర్ల తేడాకి సెకనులో మూడో వంతు కూడా తీసుకోకుండా మొత్తం కట్ చేస్తుంది. తేడా పెద్దదైతే ఇంకా త్వరగా. ఎర్తు ఏభై ఓములున్నా, వంద ఓములున్నా దీనికి చాలు. ఎర్తు బొత్తిగా లేని ఇంట్లో కూడా ఇది మనిషిని కాపాడే అవకాశం ఉంది. కాకపోతే అప్పుడు ముందు షాకు తగిలాకే పడుతుంది. ఎర్తు ఉంటే మనిషి ముట్టుకోకముందే పడుతుంది. రెండూ కావాలి. కానీ పాత ఇంట్లో ఈ నెల ఒక్కటే చేయించగల స్తోమత ఉంటే, ఆర్‌సీసీబీ ముందు పెట్టించుకోండని నేను బతిమాలి చెబుతాను. దాని ఖర్చు ఫ్రిజ్జు ఖర్చులో చిన్న ముక్క.

మధ్యాహ్నం దాటింది. న్యూట్రల్ ఫ్యూజుల వరస పోయింది. ఆ చోట రెండు తీగల్నీ కలిపి తెంచే కొత్త స్విచ్చి, దాని పక్కన ఆర్‌సీసీబీ, తరవాత ఎమ్‌సీబీలు. ఎర్తు రాడ్డు నుంచి ఆకుపచ్చ తీగ వచ్చి ఫ్రిజ్జు సాకెట్టుకీ, వంటింటికీ, స్నానాల గదిలో గీజరుకీ చేరింది. ఆ మెరిసే ఇత్తడి మరకి మొదటిసారి స్క్రూడ్రైవరు ఆనింది. కుర్రాడు మెయిన్ ఎత్తాడు. బల్బు పరీక్ష ఇప్పుడు చెయ్యకూడదు. ఫేజుకీ ఎర్తుకీ మధ్య బల్బు పెట్టగానే ఆర్‌సీసీబీ పడిపోతుంది. పడిపోతే అదీ ఒక పరీక్షే అనుకోండి. ఆయన బొత్తాం నొక్కాడు. టప్. మీట దిగింది. మళ్ళీ ఎత్తాడు.

పెద్దమ్మగారు హాలు ఫ్యాను వేసింది. టప్.

ఎత్తారు. ఫ్యాను వేశారు. టప్.

"కొత్తది పాడైంది ఇచ్చారేమో నాయనా?"

ఇక్కడ చాలామంది చేసే పని ఒకటుంది. ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడిపోతోందని ఇంటివాళ్ళు విసుక్కుంటారు. ఎలక్ట్రీషియన్ దాన్ని తప్పించి తీగలు నేరుగా కలిపేసి వెళ్ళిపోతాడు. ఆ పెట్టె గోడ మీద అందంగా ఉంటుంది, దేనికీ పనికిరాదు. అలా ఊరికే వేలాడుతున్నవి కొత్త అపార్టుమెంట్లలో కూడా కనిపిస్తాయి. అది పడిపోవడం పాడవడం కాదు, మాట్లాడటం. ఏం చెబుతోందో వినే ఓపిక ఉండాలి.

ఈయనకి ఉంది. ఫ్రిజ్జుకి పడలేదు, గ్రైండరుకి పడలేదు, గీజరుకి పడలేదు. ఫ్యానుకే పడుతోంది. అంటే ఫ్యానుకి ఫేజు ఈ పెట్టెలోంచి వెళుతోంది, తిరిగి రావాల్సిన న్యూట్రల్ మాత్రం దీన్ని దాటి వేరే దారిన పోతోంది. నిచ్చెన వేసి పట్టీ వెంట వేలు పెట్టి చూసుకుంటూ వెళ్ళాడు. హాలు దాటి, వీధి గది గోడ దగ్గర వైరు కన్నంలోంచి అవతలికి దూరింది. అవతల ఉన్నది అద్దె వాటా. సబ్‌మీటరుతో వేరే లైను, కొత్త పెట్టెకి ముందే చీలి వెళుతుంది. ఎవరో ఎప్పుడో ఫ్యాను పెట్టినప్పుడు దగ్గర్లో ఉంది కదా అని ఆ వాటా న్యూట్రల్‌కి కలిపేశారు. అద్దెకున్నవాళ్ళు తమ మెయిన్ తీసి పని చేసుకుంటున్నా, ఇవతల ఫ్యాను తిరుగుతుంటే వాళ్ళ న్యూట్రల్‌లో కరెంటు ఉన్నట్టే. వాళ్ళకి ఈ సంగతి తెలిసే వీలే లేదు.

ఫ్యాను న్యూట్రల్‌ని ఇవతలికి లాగి కొత్త తీగ వేశాడు. ఈసారి ఫ్యాను తిరిగింది, మీట నిలిచింది. రెగ్యులేటరు అయిదు మీద పెట్టి, లైట్లన్నీ వేసి, ఫ్రిజ్జూ గ్రైండరూ ఒకేసారి నడిపించి చూశాడు. నిలిచింది. మీటరు ఫ్రిజ్జు తలుపు మరకి పెట్టాడు. సున్నా దగ్గర చిన్న అంకె.

పని పూర్తయిందని ఆయన అనలేదు. రబ్బరు తొడుగు వైర్లు ఇంకా గోడల మీదే ఉన్నాయి, వాటికి మరమ్మతు అనేది లేదు, దీపావళి లోపు మొత్తం మార్చాలన్నాడు. గీజరుకి వేరే లావు తీగ కావాలి. పెరట్లో ఇనప దండెం విప్పించి నైలాను తాడు కట్టించాడు. సర్వీసు వైరు దాని మీదుగానే వస్తోంది మరి. నెలకోసారి ఆ బొత్తాం నొక్కమని పెద్దమ్మగారికి రెండుసార్లు నొక్కించి చూపించాడు. ఆవిడ మొదటిసారి ఉలిక్కిపడింది, రెండోసారి గట్టిగా నొక్కింది.

"ఆ వాటాలో వాషింగ్ మెషీన్ ఉందండీ. నీళ్ళలో నిలబడి వేస్తూ ఉంటుంది ఆ పిల్ల. దానికి ఎర్తు ఉందంటారా?" అని ఆవిడే అడిగింది.

"మనం ఇక్కడ చూసినవే అక్కడా ఉంటాయి పెద్దమ్మగారూ. అదే ఇల్లు, అదే చెయ్యి."

కుర్రాడు అప్పటికే నిచ్చెన భుజాన వేసుకున్నాడు. పక్క వాటా తలుపు తీసిన అమ్మాయి బోసి కాళ్ళతో ఉంది. వెనక తడి గచ్చు మీద వాషింగ్ మెషీన్ తిరుగుతోంది. దాని ప్లగ్గు మూడో పిన్ను విరిచేసి ఎక్స్‌టెన్షన్ బాక్సులో గుచ్చి ఉంది.

"అమ్మా, దాన్ని ముట్టుకోకండి. మెయిన్ ఎక్కడుందో చూపించండి ముందు" అంటున్నాడు ఎలక్ట్రీషియన్, గుమ్మంలోనే ఆగి.